పలాస బస్సు, ఫ్రాన్స్ కానూన్, మా గల్లీ వైఫై

2025 ఫిబ్రవరిలో పలాస నుంచి విజయవాడ పోతున్న ఆర్టీసీ బస్సులో 'తండేల్' సినిమా వేశారు. హాళ్లలోకి వచ్చి వారం కూడా కాలేదు. ఆ కథ ఎవరిదో మన జిల్లాలవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2018 చివర్లో గుజరాత్ తీరంలో వేటకెళ్లి పాకిస్తాన్‌వాళ్లకి చిక్కి, కరాచీ జైల్లో మగ్గి, 2020 జనవరిలో వాఘా దగ్గర మళ్లీ మన నేల మీద కాలు పెట్టిన శ్రీకాకుళం, విజయనగరం జాలర్ల కథని ఆధారం చేసుకుని తీసిన సినిమా. మనవాళ్ల కన్నీళ్ల మీద తీసిన బొమ్మ, మన జిల్లా నుంచి బయల్దేరిన బస్సులో, చోరీ ప్రింటు. బస్సేమో సర్కారుది. నిర్మాత బన్నీ వాసు లబోదిబోమన్నారు. ఆర్టీసీ చైర్మన్ కొనకళ్ల నారాయణరావు విచారణకి ఆదేశించారు.

ఇక్కడ ఒక సంగతి చూడండి దోస్తులారా. ఆ బస్సు రూటు రద్దు చెయ్యమని ఎవరూ అన్లేదు. ఆ రోజు సీట్లో కూచుని బొమ్మ చూసిన ప్రయాణికులు ఏడాది పాటు బస్సెక్కకూడదనీ ఎవరూ అన్లేదు. అలా అంటే నవ్వుతారు. బస్సంటే సినిమా డబ్బా కాదు కదా. అందులో ఆస్పత్రికి పోయేవాళ్లుంటారు, పరీక్షకి పోయే పిల్లలుంటారు, మయ్యత్‌కి పోయేవాళ్లుంటారు. తప్పు చేసినోణ్ణి పట్టుకోండి, బస్సుని మాత్రం నడవనివ్వండి. ఈ మాట చెప్పడానికి వకీలు అక్కర్లేదు, అందరికీ తెలుసు.

కానీ అదే చోరీ ఇంటర్నెట్ తీగ మీద జరిగితే మాత్రం మనకి ముందుగా కత్తెర గుర్తొస్తుంది.

ఆ కత్తెర మాట నేను మా ఇంట్లోనే విన్నాను. మా ఖాలూ, అంటే మా ఖాలా భర్త, ఇరవై ఏళ్లకి పైగా ఒక సినిమా హాల్లో క్యాంటీన్ నడిపాడు. ఇంటర్వెల్లో సమోసా, గోళీ సోడా, తర్వాత తర్వాత పాప్‌కార్న్. ఆ హాలు ఇప్పుడు పెళ్లిళ్లకి అద్దెకిస్తున్నారు. 2025 నవంబర్‌లో టీవీ ముందు కూచున్నాం. ఐబొమ్మ, బప్పం సైట్లు నడిపాడన్న ఆరోపణ మీద విశాఖకి చెందిన ఇమ్మడి రవిని హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు కూకట్‌పల్లిలో పట్టుకున్నారని వార్త. హార్డ్ డిస్కుల్లో 21 వేల సినిమాలు, 50 లక్షల మంది వాడకందార్ల వివరాలు దొరికాయని పోలీస్ కమిషనర్ సజ్జనార్ చెబుతున్నారు. చిరంజీవి, నాగార్జున, రాజమౌళి పోలీసుల పక్కన కూచుని షుక్రియా చెబుతున్నారు. గునా రుజువు కావాల్సింది అదాలత్‌లో. ఆ సంగతి కోర్టు చూసుకుంటుంది.

మా ఖాలూకి మాత్రం ఆ ఒక్క మనిషితో కడుపు నిండలేదు.

"ఈడొక్కడే ఏటి బేటా? ఈడు పెడితే చూసినోళ్లు 50 లక్షల మంది. ఆళ్లందరికీ నెట్టు పీకి పారేస్తే తెలిసొస్తాది. కరెంటు దొంగతనం చేస్తే మీటరు పీకట్లేదేటి?"

మీటరు మాట గట్టిదే, ఒప్పుకుంటాను. నేను వెంటనే జవాబు చెప్పలేదు. ఆయన కోపంలో ఇన్సాఫ్ ఉంది. ఆయన సమోసాలు ఎవరి ఫోన్లో కరిగిపోయాయో ఆయనకి తెలుసు. సినిమా చోరీ వల్ల పెద్ద హీరోకి పోయేదేముంది అనేవాళ్లంటే నాకూ మంట. పెద్ద హీరో డబ్బు ముందే జేబులో వేసుకుంటాడు. పోయేది టికెట్ చింపే మనిషికి, సైకిల్ స్టాండు కుర్రాడికి, క్యాంటీన్ ఖాలూకి. దేశంలో సినిమా పరిశ్రమకి దీనివల్ల ఏటా 20,000 కోట్ల నష్టమని 2023లో కేంద్ర సమాచార శాఖ తన ప్రకటనలో రాసుకుంది. అందులో కొంత అతి లెక్క ఉంటుందని నా అనుమానం. చోరీ ప్రింటు చూసినవాడు ప్రతివాడూ టికెట్ కొనేవాడేం కాదు. అయినా చోరీ చోరీయే. నాకు ఇందులో రెండో మాట లేదు.

నా ఝగడా శిక్షతో.

మన దేశంలో డౌన్‌లోడ్ చేసినందుకు ఇంటి నెట్ కోసే కానూన్ ఇప్పటికి లేదు. కానీ ఇది మా ఖాలూకి కొత్తగా తట్టిన ఆలోచనా కాదు. ఫ్రాన్స్ 2009లోనే చేసి చూసింది. హడోపి అని ఒక సంస్థ పెట్టారు. మొదటిసారి దొరికితే ఈమెయిల్, రెండోసారి రిజిస్టర్డ్ ఉత్తరం, మూడోసారి కత్తెర. ఏడాది దాకా నెట్ బంద్. తమాషా ఏమిటంటే, కోసేశాక కూడా నెలనెలా బిల్లు మాత్రం కట్టాల్సిందే! మన కేబుల్ వాళ్లకి ఈ ముక్క ఎవరూ చెప్పకండి.

ఆ కానూన్ ఇంకా ఊపిరి పోసుకోకముందే, 2009 జూన్ 10న, అక్కడి రాజ్యాంగ మండలి దాని కోరలు పీకింది. ఇవాళ మనిషి మాట చెప్పుకోడానికీ, వినడానికీ ఇంటర్నెట్ కావాలి. ఆ హక్కుని ఒక దఫ్తరు గుమస్తాలు తీసెయ్యడానికి వీల్లేదు. తీస్తే జడ్జి తియ్యాలి. పైగా మనిషి బేగునా అనుకుని మొదలుపెట్టాలి గానీ, దొంగ అనుకుని కాదు. స్థూలంగా ఇదీ ఫైసలా. దాంతో మళ్లీ రాసి, కత్తెరని జడ్జి చేతికిచ్చారు.

తర్వాత ఏమయ్యిందో చూడండి. 2012లో ఆ కానూన్ కింద మొట్టమొదట సజా పడింది ఒక పల్లెటూరి వడ్రంగికి. 150 యూరోల జుర్మానా. పాటలు దించుకుంది ఆయన కాదు, ఆయన బీవీ. ఆ మాట ఆమే చెప్పింది కూడా. మరి ఆయనకెందుకు సజా? కనెక్షన్ ఆయన పేరు మీద ఉంది కాబట్టి. తన తీగని తను కాపలా కాసుకోలేదు కాబట్టి. 2013లో ఒకే ఒక్క మనిషికి 15 రోజులు నెట్ కొయ్యమని కోర్టు చెప్పింది. కొద్ది వారాలకే, ఆ జూలైలో, సర్కారే ఆ శిక్షని పుస్తకంలోంచి తీసేసింది. నాలుగేళ్లు, లక్షల ఉత్తరాలు, ఒక పెద్ద దఫ్తరు. చివరికి చేతికొచ్చింది చాలా కొంచెం. బ్రిటన్ 2010లో ఇలాంటిదే రాసుకుంది, ఆ కత్తెరని బయటికే తియ్యలేదు. న్యూజీలాండ్ కూడా రాసి పక్కన పెట్టింది. 2011లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి ఫ్రాంక్ లా రూ తన నివేదికలో, కాపీరైటు పేరుతో మనుషులకి నెట్ కొయ్యడం చేసిన తప్పుకి మించిన శిక్ష అని తేల్చిచెప్పాడు.

ఆ వడ్రంగి కథ చదివినప్పుడల్లా నాకు మా గల్లీ గుర్తొస్తుంది.

మా గల్లీలో కేబుల్ ఇంటర్నెట్ తీగ వచ్చింది ఒక్క ఇంటికి. పాస్‌వర్డ్ గల్లీ పిల్లలందరికీ నోటికొచ్చు. ఆ ఇంటి అరుగు మీద సాయంత్రం ఏడింటికి చూడండి. డీఎస్సీకి చదువుకునే అమ్మాయి చెవుల్లో తీగలు పెట్టుకుని క్లాసు వింటుంటుంది. ఇద్దరు గుంటలు ఆట ఆడుతుంటారు. ఒక పెద్దామె ఫోన్ పట్టుకుని, సౌదీలో ఉన్న కొడుకు మొహం తెర మీద ఎప్పుడొస్తుందా అని చూస్తుంటుంది. వీళ్లలో ఒకడు ఏదో రాత్రి ఐబొమ్మలాంటి సైట్లోంచి ఒక బొమ్మ దించుకున్నాడనుకోండి. నోటీసు ఎవరికొస్తుంది? కనెక్షన్ పేరున్న ముసలాయనకి. ఆయనకి సినిమాలంటేనే పడదు. కత్తెర పడేది ఎవరి మీద? ఆ డీఎస్సీ అమ్మాయి మీద, ఆ తల్లి మీద.

ఇక ఐపీ అడ్రస్ సంగతి. దీన్ని చాలామంది ఇంటి నంబరు అనుకుంటారు. కాదు. ప్రపంచంలో పాత రకం ఐపీ నంబర్లు ఎప్పుడో అయిపోయాయి. అందుకని ఫోన్ కంపెనీలూ, చిన్న చిన్న కేబుల్ ఇంటర్నెట్ వాళ్లూ ఒకే నంబరు వెనక వందల ఇళ్లని సర్దుతారు. అంటే అది వీధి చివర బోరింగు లాంటిది. బోరింగు దగ్గర చెంబు పోయిందంటే ఆ నీళ్లు తాగేవాళ్లందరూ దొంగలేనా? ఏ నిమిషంలో, ఏ పోర్టు నుంచి అని కంపెనీ రికార్డులు సరిగ్గా రాసిపెట్టుకుంటే ఏ ఇల్లో తెలుసుకోవచ్చు. సరిగ్గా రాసిపెట్టుకుంటే! తెలిసినా అది ఇంటి దాకే. ఇంట్లో ఏ చెయ్యి ఆ పని చేసిందో చెప్పే మిషను ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మా ఖాలూ మీటరు సంగతికి వద్దాం. కరెంటు దొంగతనంలో ఏ తీగకి కొక్కెం తగిలించావో కళ్లకి కనబడుతుంది. లైన్‌మన్ వచ్చి చూస్తాడు, ఫోటో తీస్తాడు. దొంగిలించింది కరెంటు, తీసేసేది కరెంటు. ఇక్కడ దొంగిలించింది సినిమా, తీసేసేది ఏమిటి? సినిమా ఒక్కటేనా?

మన రెండు జిల్లాల్లో ఆ తీగ మీద ఏమేం నడుస్తున్నాయో ఒకసారి లెక్కెయ్యండి. రేషన్ డిపోలో వేలిముద్ర. ఉపాధి పనికి హాజరు 2023 జనవరి నుంచి మేటు ఫోన్లో ఫోటో తీసి ఎక్కిస్తేనే లెక్క. ఆధార్ సరిచూసుకోవడం. బ్యాంకు ఓటీపీ. స్కాలర్‌షిప్ దరఖాస్తు. 2025 జనవరి 30 నుంచి 'మన మిత్ర' పేరుతో సర్కారు సర్టిఫికెట్లని కూడా వాట్సాప్‌లోకి తెచ్చింది. మంచిదే. దఫ్తర్ల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. కానీ ఒక పక్క హుకూమత్ తన కౌంటర్లన్నీ ఆ తీగ మీదికి మారుస్తూ, ఇంకో పక్క ఆ తీగని శిక్షగా కొయ్యొచ్చు అంటే, అది కౌంటర్ ముందు గేటు వెయ్యడమే.

వలస సంగతి వేరే చెప్పాలా? మన పల్లెల్లో సగం ఇళ్లకి ఒక మనిషి చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, గుజరాత్ వేరావల్‌లో పడవ మీదో, గల్ఫ్‌లోనో ఉంటాడు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట మీద పడినప్పుడు కరెంటు స్తంభాలు, టవర్లు కూలి రోజుల తరబడి ఫోన్లు మూగపోయాయి. దూరాన ఉన్నవాళ్లు ఇంట్లోవాళ్లు బతికున్నారో లేదో తెలీక పిచ్చెక్కిపోయారు. నేను ఆ రోజుల్లో ఉద్దానం ఊళ్లలో తిరిగాను. కొబ్బరి చెట్లన్నీ పడుకుని ఉన్నాయి. "ఒలె బాబూ, సిగ్నల్ ఉందేటి?" అని అడిగేవాళ్లు, అన్నం ఉందా అని అడిగే ముందు. తీగ తెగడం అంటే ఏమిటో మనకి పుస్తకాల్లో చదవాల్సిన పన్లేదు. అది గాలి చేసిన పని. మనిషి కావాలని, సజాగా, ఒక ఇంటిని వెతికి అలా చెయ్యడం వేరు.

సర్కారు కావాలని కోసిన చోటు కూడా మన రాష్ట్రంలోనే ఉంది. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబడ్డాయి. వెంటనే నెట్ బంద్ చేశారు. దాదాపు రెండు వారాలు. ఆ గొడవకి మొదటి రోజుల్లో బంద్ అవసరమని వాదించొచ్చు. కానీ ఇంటి నుంచి పని చేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని సిగ్నల్ కోసం గోదావరి గట్ల మీదికి పోవాల్సొచ్చింది. నిప్పు పెట్టినవాళ్లు కొందరు, నెట్ పోయింది జిల్లా మొత్తానికి. కశ్మీర్‌లో 2019 ఆగస్టులో కోసిన 4జీ తిరిగి వచ్చింది 2021 ఫిబ్రవరిలో. ఆ మధ్యలో, 2020 జనవరి 10న, అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ మీద మాట చెప్పుకునే హక్కు, వ్యాపారం చేసుకునే హక్కు రాజ్యాంగం ఇచ్చిన హక్కులే అనీ, బంద్ పెడితే కారణం రాసి బయటపెట్టాలనీ, అవసరానికి మించి కొయ్యకూడదనీ చెప్పింది. దానికి నాలుగు నెలల ముందు కేరళ హైకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. కోజికోడ్ దగ్గర హాస్టల్లో ఉండి చదువుకునే ఫహీమా షిరీన్ అనే అమ్మాయి, సాయంత్రం ఆరు నుంచి పది దాకా ఫోన్ ఇచ్చెయ్యాలన్న రూలుకి ఒప్పుకోకపోతే బయటికి పంపారు. ఇంటర్నెట్ అందుబాటు చదువు హక్కులో భాగం, వ్యక్తిగత గోప్యతలో భాగం అని కోర్టు ఆమె పక్షాన తీర్పిచ్చింది. నాలుగు గంటల ఫోన్ కోసం ఒక చదువుకునే పిల్ల అదాలత్ మెట్లెక్కింది. మరి ఏడాది పాటు ఇంటికే నెట్ లేకపోతే?

చదువు మాట వచ్చింది కాబట్టి నా సొంత గోడు ఒకటి. నేను ఉర్దూ మీడియం బడిలో చదివాను. డిగ్రీ తెలుగులో చేశాను. అలీఫ్ బే నుంచి అ ఆల్లోకి ఎలా దూకానో ఇంకోసారి చెప్తాను. శ్రీకాకుళం, విజయనగరంలో ఉర్దూ కితాబు కొనుక్కుందామంటే ఏ కొట్టుకి పోవాలి? హైదరాబాద్ పోయేవాళ్లకి చీటీ రాసివ్వాలి. మా చిన్నప్పుడు ఖవ్వాలీ కావాలంటే క్యాసెట్ షాపువాడికి జాబితా రాసిస్తే ఖాళీ క్యాసెట్లో ఎక్కించి ఇచ్చేవాడు. విశాఖ దాకా పోయినా ఒరిజినల్ దొరికేది కాదు. 1984లోనే క్యాసెట్ చోరీల మీద కాపీరైటు కానూన్‌ని గట్టి చేశారు. షాపుల మీద దాడులు జరిగాయి. కానీ పాట విన్న ఇంటికి వచ్చి టేప్‌రికార్డర్ కరెంటు కొయ్యలేదు. ఇప్పుడు రేఖ్తా లాంటి చోట్ల వేల ఉర్దూ కితాబులు ఫోన్లో చదువుకోవచ్చు, ఏ చోరీ లేకుండా. మా పిల్లలకి ఉర్దూ మిగిలిందంటే ఆ తీగ వల్లే. ఎవరో దించుకున్న సినిమాకి ఆ తీగ తెగితే, వాళ్ల అమ్మీ జబాన్ కూడా తెగుతుంది.

మన దగ్గర కాపీరైటు కేసుల్లో కత్తెర ఎంత మొద్దుగా పడుతుందో ఇదివరకే చూశాం. 2012లో తమిళ '3', మన 'దమ్ము' సినిమాల కోసం మద్రాస్ హైకోర్టు నుంచి ముద్దాయి పేరు లేని ఉత్తర్వు తెచ్చారు. దాన్ని పట్టుకుని కంపెనీలు మొత్తం సైట్లకి సైట్లే మూసేశాయి. విమియో, డైలీమోషన్ లాంటివి కూడా. తమ సొంత వీడియోలు పెట్టుకున్నవాళ్ల సామాను కూడా అందులో పోయింది. జూన్‌లో అదే కోర్టు, సైటు మొత్తం కాదు, చోరీ బొమ్మ ఉన్న లింకు ఒక్కటే ఆపండి అని సరిచెయ్యాల్సి వచ్చింది. 2016లో ఇంకో తమాషా. మూసేసిన సైటు తెరిస్తే, చూసినా మూడేళ్ల జైలు, మూడు లక్షల జుర్మానా అని బెదిరించే పలక కనబడేది. దేశమంతా హడలిపోయింది. ఊరికే చూడడం నేరం కాదు అని బొంబాయి హైకోర్టు జస్టిస్ గౌతమ్ పటేల్ చెప్పాల్సి వచ్చింది. ఈ అలవాట్లున్న చోట, ఇళ్ల మీదికి కత్తెర ఇస్తే ఎలా ఆడిస్తారో నన్నడక్కండి.

అమెరికాలో కానూన్ వేరే దారిలో పోయింది. కోసే పని కంపెనీ మీద పెట్టింది. మాటిమాటికీ చోరీ చేసేవాళ్లని తీసెయ్యలేదని 2019లో కాక్స్ అనే ఇంటర్నెట్ కంపెనీ మీద జ్యూరీ వంద కోట్ల డాలర్లు వేసింది. 2024లో పై కోర్టు ఆ మొత్తాన్ని కొట్టేసింది, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మీద వంద కోట్ల కత్తి వేలాడుతుంటే ఏ కంపెనీ మాత్రం అనుమానం వచ్చిన ఇంటి పక్షాన నిలబడుతుంది? ముందు కోసి పారేస్తుంది. తర్వాత మీరు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసుకోండి. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి.

ఒకడి గునాకి ఇంటిల్లిపాదికీ సజా అనే మాట ఈ మధ్య మన దేశంలో బుల్‌డోజర్ రూపంలో చూశాం. కొడుకు మీద కేసు ఉందని ఇల్లు కూల్చారు. 2024 నవంబర్ 13న జస్టిస్ గవాయి, జస్టిస్ విశ్వనాథన్ అది చెల్లదన్నారు. నేరం మోపబడ్డవాడనో, నేరం రుజువైనవాడనో చెప్పి ఇల్లు పడగొట్టడానికి అధికారులు జడ్జిలు కాదు, ఆ కప్పు కింద ఉన్న మిగతావాళ్లు ఏం చేశారు అని అడిగారు. ఇంటికీ నెట్‌కీ పోలికేమిటి అంటారేమో. సరే, తేడా ఉంది. ఇల్లు కూలితే నడిరోడ్డు మీద పడతాం. కానీ కొలబద్ద ఒకటే. ఆ కప్పు కింద ఉన్నవాళ్లని అడిగిన ప్రశ్న, ఆ తీగ కింద ఉన్నవాళ్ల గురించి కూడా అడగాలి.

అలాగని చోరీని వదిలెయ్యమని కాదు. ఉన్న కానూన్లు ఏమీ చిన్నవి కావు. కాపీరైటు చట్టం 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి రెండు లక్షల దాకా జుర్మానా. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో కెమెరా పెట్టి తీసేవాడికీ, ఆ ప్రింటు పంచేవాడికీ మూడు నెలల నుంచి మూడేళ్లు జైలు, మూడు లక్షల నుంచి సినిమా ఖర్చులో 5 శాతం దాకా జుర్మానా పెట్టారు. ఆ ఏడాది నవంబర్‌లో కేంద్రం పన్నెండు మంది అధికారులని పెట్టి, ఫిర్యాదు వస్తే 48 గంటల్లో లింకు తీయించాలంది. వీటిని సరిగ్గా వాడితే చాలు. చోరీ ఎక్కడ పుడుతుందో కూడా చూడాలి. 2013లో 'అత్తారింటికి దారేది' రిలీజుకి ముందే దాదాపు సగం బయటికొచ్చింది. పోలీసులు వెతుక్కుంటూ పోతే అది యూనిట్‌లో పనిచేసిన మనిషి చేతుల్లోంచి వచ్చిందని తేలింది. 2025 జనవరిలో గాజువాక దగ్గర ఒక లోకల్ కేబుల్ చానల్ 'గేమ్ ఛేంజర్' వేసేసింది, పోలీసులు పోయి పట్టుకున్నారు. ఇలా పట్టుకోండి. ఎవడు అమ్మాడో, ఎవడు ఆ బొమ్మ పక్కన బెట్టింగ్ యాప్ ప్రకటన పెట్టి సొమ్ము చేసుకున్నాడో వాణ్ణి. అది కష్టమైన పని, దానికి పోలీసు బుర్ర కావాలి. ఇంటి తీగ కొయ్యడం తేలిక. దానికి కత్తెర చాలు.

ఇక టికెట్ మాట. దీని గురించి పెద్ద హీరోలెవరూ ఆ ప్రెస్ మీట్లలో మాట్లాడరు. 2021లో సర్కారు జీవో 35తో పల్లె హాల్లో అడుగు టికెట్ ఐదు రూపాయలకి దించింది. ఆ డిసెంబర్‌లో మన జిల్లాల్లో హాళ్లు మూసుకున్నారు. ఆ రేటుకి బల్బు ఖర్చు కూడా రాదు, అది కూడా జుల్మే. మళ్లీ 2024 డిసెంబర్ 4 రాత్రి 'పుష్ప 2' ఆటకి 800 రూపాయలు, దాని మీద జీఎస్టీ. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకి 307. ఒక్క మనిషి ఒక్క బొమ్మకి మూడు రోజుల కూలి. దీనర్థం చోరీ హలాల్ అయిపోయిందని కాదు. ఐదుకీ ఎనిమిది వందలకీ మధ్య ఎక్కడో క్యాంటీన్ నడిచే రేటు ఒకటి ఉంటుంది, దాన్ని వెతకమంటున్నాను.

ఒకసారి వెతికారు కూడా. 2023 జూన్‌లో ఆంధ్రా ఫైబర్‌నెట్ వాళ్లు, రిలీజ్ రోజే ఇంట్లో 99 రూపాయలకి సినిమా అని మొదలుపెట్టారు. 'నిరీక్షణ' అనే చిన్న సినిమాతో. పెద్ద సినిమాలు ఆ దారి తొక్కలేదు, హాళ్లవాళ్లకి కూడా అది నచ్చే మాట కాదు. మా ఖాలూకైతే అసలు నచ్చదు, ఇంట్లో చూస్తే సమోసా ఎవడు కొంటాడు? ఆ మాట నిజమే, నా దగ్గర దానికి మందు లేదు. కానీ ఏ తీగని కొయ్యాలంటున్నామో అదే తీగ మీద సర్కారే సినిమా అమ్మింది. పల్లెలో ఒక ఇంటిల్లిపాదీ 99కి చూడగలిగే బొమ్మ ఉంటే, రాత్రిపూట ఆ పాడు సైట్లలోకి దూరేవాళ్లు కొందరైనా తగ్గుతారు. నా అంచనా ఇది, లెక్క కాదు.

మా ఖాలూకి ఇదంతా చెప్పాను. విన్నాడు. "నువ్వు అఖ్బార్ మనిషివి బేటా, మాటలు నీకొచ్చు, హాలు మాత్రం నాకు రాదు" అన్నాడు. అంతే. నేను ఆయన్ని గెలవలేదు.

ఇలాంటి కానూన్ రేపు ఢిల్లీలో ఎవరైనా రాస్తే, 2014 నాటి కేంద్ర విధానం ప్రకారం ముసాయిదాని కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలి. ఆ 30 రోజుల్లో మనం అడగాల్సినవి నా లెక్కలో కొన్నున్నాయి. కొయ్యమని చెప్పేది జడ్జా, కంపెనీయా? చేసింది ఎవరో రుజువు చేసే భారం ఎవరిది? ఆ ఇంట్లో చదువుకునే పిల్ల ఉంటే ఏం చేస్తారు? రేషన్, పింఛన్, ఆస్పత్రి కోసం కనీసపు నెట్ వదులుతారా? తప్పుగా కోస్తే ఆ నెల కూలి ఎవరిస్తారు? ఆ ముసాయిదా ఇంగ్లీషులోనూ హిందీలోనూ వస్తుంది. తెలుగులోకీ ఉర్దూలోకీ మార్చి మసీదు అరుగు దగ్గరా, సచివాలయం గోడ మీదా అంటించే పని నేను తీసుకుంటాను. మందస, ఇచ్ఛాపురం, పార్వతీపురం వైపు ఎవరైనా తీసుకుంటే చెప్పండి.